కిటికీ పక్క గోడ

తెల్లగోడ అనేది ఈ లోకంలో ఎక్కడా లేదు. కావాలంటే ఇప్పుడే లేచి మీ ఇంట్లో గోడ చూసుకోండి. కింద ఎర్రగచ్చు ఉంటే గోడ అడుగున ఎర్రజీర ఉంటుంది. కిటికీ బయట వేపచెట్టుంటే మిట్టమధ్యాహ్నం పచ్చగా ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళంతా పసుపు రాసుకుంటుంది. అయినా మనకి తెల్లగా కనిపిస్తోందంటే అది మన కంటి మంచితనం, గోడ గొప్పేమీ కాదు. ఈ సంగతి వారిజకి తెలిసినంతగా కాకినాడ మొత్తంమీద ఇంకెవరికీ తెలియదు. ఆవిడకి అన్నం పెడుతున్నదే ఆ సంగతి.

ఆవిడ పని కట్టని ఇళ్ళకి బొమ్మలు చెయ్యడం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పునాది కూడా తియ్యని అపార్ట్‌మెంటులో హాలు ఎలా ఉంటుందో, పొద్దుటెండ సోఫా మీద ఎంతవరకు పాకుతుందో కంప్యూటర్లో చూపించాలి. అలాంటి బొమ్మలు చేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. వాళ్ళ గదులన్నీ తోమి బోర్లించిన స్టీలు గిన్నెల్లా మెరుస్తుంటాయి. వాటిల్లో ఒక మనిషి తుమ్ముతాడనీ, ఒక పిల్ల పాలు ఒలకబోస్తుందనీ అనిపించదు. దీపాలు పెట్టడం వాళ్ళకి వచ్చు. ఆ వెలుగు గచ్చుకి తగిలి, కర్టెనుకి తగిలి, వాటి రంగు కాస్త ఒంటికి పూసుకుని మళ్ళీ గోడ దగ్గరికి ఎలా వస్తుందో పట్టించుకోరు. వారిజ ప్రాణమంతా అక్కడే ఉంటుంది.

"మేడం, గోడలు ఇంకా తెల్లగా ఉండాలండి. ఫెళఫెళలాడిపోవాలి," అన్నాడొక బిల్డరు.

"ఎర్ర సోఫా పెట్టమన్నది మీరే కదండీ. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. గోడకి ఆరు నెలలు కూడా అక్కర్లేదండి," అంది వారిజ.

ఆయనకి అర్థమైందో లేదో గాని, బొమ్మ చూసి మురిసిపోయి పట్టుకెళ్ళాడు.

ఇన్ని రంగులు తెలిసిన మనిషికి ఒక్క రంగు మాత్రం తెలియదు. కన్నతల్లి రంగు.

వారిజకి రెండేళ్ళు నిండకుండానే వాళ్ళమ్మ పద్మాసని పోయింది. మిగిలింది ఒకే ఒక్క ఫొటో. సామర్లకోట రైల్వే క్వార్టర్లో, కిటికీ పక్క గోడకి ఆనుకుని, పూల చీర కట్టుకుని, తల వంచుకుని కూర్చుని ఉంటుంది. మొహం సగమే కనిపిస్తుంది. ఆ రోజుల్లో కలర్ ఫొటోలు ఎంత ఆర్భాటంగా తీయించుకున్నారో అంత తొందరగానూ పాడైపోయాయి. ఈ ఫొటో మొత్తం ఇటుకరంగుకి తిరిగింది. చీరా ఇటుకే, గోడా ఇటుకే, పక్కన నిలబడ్డ వారిజ నాన్న చలపతి పంచె కూడా ఇటుకే.

ఫొటోలో రంగులు సరిచెయ్యాలంటే ఏదో ఒకటి ఇది తెలుపు అని గట్టిగా తెలియాలి. దాన్ని పట్టుకుని మిగతావన్నీ దారికి తేవచ్చు. నాన్న పంచె మల్లెపువ్వులా ఉండేదనుకుంటే అమ్మ పసిమిఛాయలో తేలుతుంది. రైల్వే గార్డు పంచె కదా, కాస్త మసి అంటి ఉంటుందనుకుంటే చామనఛాయలోకి దిగిపోతుంది. మేనత్తనడిగితే "మీ అమ్మా? పసుపుముద్దే!" అంది. మేనమామనడిగితే "మా పద్మ నలుపే. కళగల మొహం," అన్నాడు. ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. వారిజ ఆ ఫొటోని ఎన్నిసార్లు సరిచేసిందో లెక్కలేదు. చేసినప్పుడల్లా ఒక కొత్త అమ్మ వచ్చేది, తెల్లారి చూస్తే ఆవిడెవరో పరాయి మనిషిలా ఉండేది.

పిన్నినడిగి లాభం లేదు. పిల్లని పెంచేవాళ్ళు లేరని ఏడాది తిరక్కుండానే చలపతి మంగతాయారుని చేసుకున్నాడు. "అక్కని నేను చూళ్ళేదే," అంటుంది ఆవిడ, అదేదో తన తప్పయినట్టు. చలపతి పోయాక పిన్నీ కూతురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వారిజకి పెళ్ళయింది, అచ్చిరాలేదు, పెట్టె పట్టుకుని వచ్చేసింది. ఆ రోజు మంగతాయారు ఏమిటని గాని ఎందుకని గాని అడగలేదు. కంచం పెట్టి, "వంకాయ కూరే చేసేను, సరిపెట్టుకో," అంది. ఆ తరవాత కూడా అడగలేదు.

ఇలా ఉండగా కృపానందం గారు పెనం కనిపెట్టారు.

ఆయన పేరు జోసఫ్ కృపానందం. కాలేజీలో ఫిజిక్సు చెప్పి, విసుగుపుట్టి మానేసి, వారిజ పనిచేసే స్టూడియోలో వాటాదారుగా చేరారు. ఆ యంత్రానికి ఆయన పెద్ద ఇంగ్లీషు పేరే పెట్టుకున్నారు గాని, చూడ్డానికి అట్లపెనంలా ఉంటుందని అందరూ పెనమే అన్నారు. కొన్నాళ్ళకి ఆయనా అదే అన్నారు. గోడకి వేసిన సున్నం ఎండి గట్టిపడ్డాక, దాని పలుకుల్లో తన మీద పడిన వెలుగు రవ్వంత చిక్కుకుని ఉండిపోతుందట. ఏ రంగుది, ఎటువైపు నుంచి వచ్చింది, ఎంత వచ్చింది, అంతా. పైన ఇంకో పూత పడిందంటే కింది పొర చీకట్లో అలాగే భద్రంగా ఉంటుంది. ఆ పెచ్చుని పెనం మీద పెట్టి సన్నగా వేడిచేస్తే పట్టుకున్నదంతా వదిలేస్తుంది. వదిలినదాన్ని యంత్రం చదువుకుంటుంది. వారిజ దాన్ని గది బొమ్మలో పోస్తుంది. ఇక ఊహించి పెట్టే దీపాలతో పనిలేదు. ఆ గదిలో నిజంగా ఉన్న వెలుగే వచ్చి కూర్చుంటుంది.

మొదటిసారి జగన్నాథపురంలో పడగొట్టేసిన ఒక మేడ పెచ్చు చదివారు. ఆ ఇంటి పెద్దాయన బొమ్మ చూస్తూ చూస్తూ, గోడ మీద ఓ మూల కాఫీడికాషన్ రంగు మరక దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ మా నాన్నగారి పడక్కుర్చీ ఉండేదండి," అన్నాడు. బొమ్మలో కుర్చీ లేదు. కుర్చీ మీంచి ఎగిరి గోడకి తగిలిన వెలుగు ఉంది, అంతే. కదిలేవీ కదలనివీ అన్నీ గోడకి సమానమే. ఒకచోట ఎక్కువకాలం ఉంటే చాలు, వాటి రంగు గోడకి అంటుతుంది.

ఒకటే చిక్కు. చదివిన పెచ్చు ఇక మాట్లాడదు. దాన్ని మళ్ళీ పెనం మీద పెట్టినా, పొయ్యిలో పెట్టినా సున్నమే.

ఆ పెద్దాయన వెళ్ళిపోయాక వారిజ కృపానందం గారి గదిలోకి వెళ్ళి తలుపు వేసింది.

"మనిషి కూడా అంటుతుందాండీ?"

"ఆయ్. ఎందుకంటుకోదమ్మా! రోజూ అక్కడే కూచుంటే అంటుద్ది. మొహం రాదు, ముక్కూ మూతీ రావు. రంగొస్తుంది."

"నాకదే కావాలండి," అంది వారిజ.

సామర్లకోటలో పాత క్వార్టర్లు పడగొడుతున్నారని తెలిసి, కిందటి వేసవిలోనే ఆవిడ వెళ్ళి కిటికీ పక్క గోడ నుంచి అరచెయ్యంత పెచ్చు తెచ్చుకుంది. అప్పటికి పెనం లేదు. ఎందుకు తెచ్చుకుందని అడిగితే చెప్పలేకపోయేది. చీరల మధ్య పెట్టుకుంది, అంతే.

కృపానందం గారు దాన్ని అంచు మీద నిలబెట్టి భూతద్దంలో చూపించారు. ఉల్లిపొరల్లా వరసగా పూతలు. కొన్నింటిలో నీలిమందు ఎక్కువ కలిపారు, కొన్నింటిలో సున్నం పల్చబడింది. అట్టడుగున సిమెంటుని అంటుకుని ఉన్నది మొదటి పూత. క్వార్టరు కట్టిన కొత్తలో అందులో దిగింది చలపతీ పద్మాసనీ. మనిషి పోయిన ఇంటికి పెద్దకర్మ అయ్యాక వెల్ల వేయిస్తారు. ఆ లెక్కన మొదటి పూత మొదలైంది అమ్మ కాపురంతో, ఆగింది అమ్మ చావుతో. అందులో ఉన్న ఆడమనిషి అమ్మ ఒక్కతే. వారిజ ఈ లెక్క వేసుకుని పొంగిపోయింది.

"ఇంకోసారి ఆలోచించుకోండమ్మా. ఒకసారే," అన్నారు కృపానందం గారు.

"నలభై ఏళ్ళుగా ఆలోచిస్తున్నానండి. పెట్టండి."

పైపొరలన్నీ గీకి, అడుగు పొరని పెనం మీద పెట్టారు. వారిజ ముందే ఆ గదిని కంప్యూటర్లో కట్టిపెట్టుకుంది. తూర్పు కిటికీ, ఎర్ర గచ్చు, దూలాల కప్పు. వెలుగు మెల్లగా వచ్చి అందులో నిండింది. ముందు గచ్చు ఎరుపు గోడ అడుగున పాకింది. కిటికీ చువ్వల వైపు నుంచి ఆకాశం నీలం వచ్చింది. ఆ రెండింటి మధ్య, మనిషి కూర్చుంటే భుజం తగిలేంత ఎత్తులో, లేత చిలకపచ్చ రంగు గోడ మీద విచ్చుకుంది. దాని అంచున ఇంకో రంగు, వెచ్చటిది, ఒంటి రంగు లాంటిది, ఉందా లేదా అన్నంత.

వారిజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ళ మనిషి పసిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కృపానందం గారు తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డారు.

తిరిగి వచ్చినప్పుడు ఆయన మొహం ఇబ్బందిగా ఉంది. "మీ అమ్మగారు ఆ ఇంట్లో ఎన్నాళ్ళున్నారమ్మా?"

"రెండేళ్ళ పైచిలుకు."

"ఈ పూతలో ఆరేళ్ళ ఎండుందండి."

ఆ సాయంత్రం ఇంట్లో మంగతాయారు హాల్లో కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. వారిజ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, అమ్మ పోయాక ఇంటికి వెల్ల వేయించారు కదా?"

"లేదే. ఎక్కడ వెయ్యనిచ్చేడు మీ నాన్న! ఆ ముందుగదిలో గోడలమీద సున్నం పెట్టేరా, చేతులిరగ్గొడతానని కూచున్నాడు. మైలిల్లు మైలిల్లని క్వార్టర్ల లైనంతా ఆడిపోసుకునేవారు. మీ నాయనమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. నేనొచ్చేసరికి గోడలన్నీ మాసిపోయి ఉన్నాయి."

"ఎందుకట?"

"అడగలేదు. అడిగే విషయమా అది?" మంగతాయారు ఒక కాయ విరిచి గిన్నెలో వేసింది. "నువ్వు బడిలో చేరేక ఇంజినీరొచ్చి గోలపెడితే అప్పుడేయించేడు. ఆ రోజు డ్యూటీ లేకపోయినా ఇంట్లో లేడు."

నాన్న ఎప్పుడూ అమ్మ పేరెత్తి ఎరుగడు. ఎత్తకుండా నాలుగేళ్ళపాటు ఒక గోడని కాపలా కాశాడన్నమాట.

"అయితే ఆ పూతలో నువ్వూ ఉన్నావా?"

"ఉండక ఎక్కడికి పోతాను? గాలాడేది ఆ కిటికీ పక్కనే. నిన్ను పెంచింది అక్కడే కదే."

రెండు ఆడప్రాణాలు ఒకే సున్నంలో కలిసిపోయాయి. గోడకి వంతులు తెలియవు. ఎవరిది ఎంతో చెప్పదు.

వారిజ ఆ రాత్రి నిద్రపోలేదని వేరే చెప్పాలా? పొద్దున్నే కృపానందం గారికి ఫోను చేసింది. బొమ్మల పనిలో రోజూ చేసే తీసివేతే ఇది కూడా. ఎర్ర సోఫా వల్ల గోడకి ఎంత ఎరుపు వచ్చిందో కొలుస్తారు, అక్కర్లేదంటే అంతా తీసేస్తారు, సోఫా రాకముందటి గోడ వస్తుంది. స్టూడియోలో ఒక సున్నపు గది ఉంది. తూర్పు కిటికీ, నాలుగు గోడలు, యంత్రం లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి కట్టించుకున్నది. అందులో పిన్నిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆవిడ ఒంటి మీంచి గోడకి ఏ వెలుగు వెళ్తోందో కొలిస్తే చాలు. ఆవిడ ఆ గదిలో ఉన్న కాలానికి లెక్కగట్టి మొత్తంలోంచి తీసేస్తే, మిగిలింది అమ్మ.

"లెక్క ప్రకారం తప్పులేదమ్మా," అన్నారు కృపానందం గారు. "ఆవిడతో ఎలా చెప్తారు?"

వారిజ చెప్పింది. మంగతాయారు విని, చెంగుతో చేతులు తుడుచుకుని, "నన్ను తీసేస్తే అక్క కనిపిస్తుందా?" అంది.

"రంగు కనిపిస్తుంది."

"అయితే ఎప్పుడు రమ్మంటావు?"

ఆవిడ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, పేరంటానికి వెళ్ళినట్టు తయారై వచ్చింది. అప్పట్లో ఏ చీరలు కట్టేదానివని అడిగితే, "ఏవుంటాయే మనకి, గోధుమరంగు నేతచీరలూ, గళ్ళచీరలూ," అని చెప్పి, పెట్టె అడుగు నుంచి అలాంటివి రెండు తెచ్చింది. సున్నపు గదిలో కిటికీ పక్కన ముక్కాలిపీట వేశారు. కృపానందం గారు గోడకి కొలిచే పలక అంటించి, "కదలకండి పిన్నిగారూ," అన్నారు.

"ఫొటో తీయించుకోడం ఎరుగుదును గాని నాయనా, తీసేయించుకోడం ఇదే మొదలు," అంది మంగతాయారు. తనే నవ్వింది.

వారిజకి ఆ నవ్వు వినిపించలేదు. ఆవిడ చెవులూ కళ్ళూ తెర మీదే ఉన్నాయి.

తీసివేత అయింది. గోధుమరంగు గోడ మీంచి తొలగిపోయింది. గది కాస్త చీకటిపడింది. చిలకపచ్చ మాత్రం పోలేదు సరికదా, మబ్బు తొలగినట్టు ఇంకా తేటపడింది. దాని అంచున వెచ్చటి ఛాయ. పసుపుముద్దా కాదు, నలుపూ కాదు. రెండు ఒట్లూ అబద్ధమే.

"పిన్నీ, ఇలా రా, చూడు చూడు!" వారిజ ఆవిడ చెయ్యి పట్టుకుని తెర ముందుకి లాక్కొచ్చింది. "నిన్ను తీసేశాక అమ్మ ఎంత బాగా వచ్చిందో!"

మంగతాయారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ పచ్చదనం మీద ఒక వేలు పెట్టబోయి, తెర పాడవుతుందేమోనని వెనక్కి తీసుకుంది.

"బాగుందమ్మా. కళ్ళారా చూసుకో," అంది.

వారిజ ఆ బొమ్మని పెద్దది చేయించి హాల్లో తగిలించింది. ఖాళీ గది, కిటికీ, గోడ మీద లేత పచ్చ. చూసినవాళ్ళు ఏ హోటలు గదో అనుకునేవారు. వారిజ ఆఫీసుకి వెళ్తూ ఒకసారి, వచ్చాక ఒకసారి దాని ముందు నిలబడేది. ఒక రంగు ఆనవాలు దొరికితే ఆకలి తీరుతుందనుకుంది. తీరకపోగా పెరిగింది. అమ్మ గొంతు ఎలా ఉండేదో, కోపమొస్తే ఏమనేదో, ఆ చీర మెత్తగా ఉండేదో గరుగ్గా ఉండేదో, అన్నీ ఇప్పుడే కావాలనిపించింది. చివరిది మాత్రం తెలుసుకోవచ్చునేమో అనిపించి, ఓ ఆదివారం పొద్దున్న టిఫిను చేస్తూ అడిగింది.

"పిన్నీ, అమ్మ చిలకపచ్చ చీర ఏమైంది? పెట్టెలో గాని ఉందా?"

"ఎక్కడుంటుందే! చిరిగి పేలికలైపోయింది."

"ఎప్పుడు?"

"నువ్వు బడికెళ్ళే రోజుల్లో. బొంతకి కూడా పనికి రాలేదు."

వారిజ ఇడ్లీ తుంచబోతూ ఆగింది. "అమ్మ పోయిన నాలుగేళ్ళకి చిరిగిందా? పెట్టెలో ఉన్న చీర ఎలా చిరుగుతుంది? ఎవరు కట్టారు?"

మంగతాయారు చట్నీ గిన్నె జరిపింది. మళ్ళీ యథాస్థానానికి జరిపింది. దొంగతనం బయటపడ్డ పిల్లలా ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేనమ్మా," అంది చివరికి. "చెప్పకూడదనుకున్నాను. అంత సంబరపడుతుంటే నా నోటితో ఎలా చెప్పను?"

"సరే, ఇప్పుడు చెప్పు."

"నేనొచ్చిన కొత్తలో నువ్వు నా దగ్గరికి వచ్చేదానివి కాదు. ఎత్తుకుంటే ఒళ్ళంతా విల్లులా విరుచుకునేదానివి. పాలు పడితే ఉమ్మేసేదానివి. రెండ్రోజులు అలాగే ఉన్నావు. పిల్ల దక్కదన్నారు. నాకా, ఏం తెలుసు, పద్దెనిమిదేళ్ళదాన్ని. భయమేసి, అక్క పెట్టె తీసేను. పైనే ఉంది ఆ చీర. కట్టుకుని కిటికీ దగ్గర కూచున్నాను. నువ్వు నడిచే ఓపిక లేక దేక్కుంటూ వచ్చి ఒళ్ళో పడుకుని, ఆ కొంగు నోట్లో పెట్టుకుని, గ్లాసుడు పాలూ తాగేసేవు." మంగతాయారు కళ్ళు కంచం మీదే ఉన్నాయి. "ఇంక విప్పితే ఒట్టు. రాత్రి ఉతికి ఆరేసి పొద్దున్న కట్టుకునేదాన్ని. మీ నాన్న మొదటిసారి చూసి గుమ్మంలోనే కూలబడిపోయేడు. చచ్చిపోయినావిడ చీర కట్టిందని అమ్మలక్కలు నవ్వేరు. నవ్వితే నవ్వేరు. నువ్వు తిన్నావు."

వారిజ హాల్లో బొమ్మ వైపు చూసింది. అమ్మ అనుకుని నెలరోజులుగా ఎవరి ముందు నిలబడుతోందో ఇప్పుడు తెలిసింది. 'నిన్ను తీసేశాక ఎంత బాగా వచ్చిందో' అన్న తన మాట తన చెవుల్లోనే మోగింది. నోరు జారితే తీసుకోగలమా? ఏ యంత్రం తీస్తుంది దాన్ని?

"అయితే అందులో అమ్మ లేదా?" అంది చిన్నగా.

"ఉండకేం. ఎంతో నాకు తెలీదు. చీర ఆవిడది, కూచున్నది నేను." మంగతాయారు తలెత్తింది. ఆవిడ మొహంలో నొచ్చుకున్న జాడ ఎక్కడా లేదు. ఏదో పని తోచిన ఉత్సాహం ఉంది. "నేనొకటి ఆలోచించేను. ఆ రంగు చీర బజారులో ఒకటి కొంటాను. నాకు బాగా గుర్తే ఆ రంగు, కళ్ళు మూసుకున్నా చెప్తాను. అది కట్టుకుని మీ గదిలో ఇంకోసారి కూచుంటాను. అప్పుడు దాన్నీ తీసెయ్యొచ్చు కదే? అప్పుడింక మిగిలేది అక్కే. నా పొడ ఎక్కడా ఉండదు."

వారిజ వద్దనాలి. అనలేకపోయింది. సిగ్గు విడిచి చెప్పాలంటే, అంత విన్నాక కూడా ఆవిడ మనసు ఆ మిగిలేదాని కోసం లాగుతూనే ఉంది. నలభై ఏళ్ళ దాహం అది, ఒక్క మాటకి ఎలా పోతుంది? కృపానందం గారిని అడిగితే, "వస్తుందమ్మా. చాలా కొంచెం, దీపం ఆర్పేశాక కంట్లో మిగిలినంత. కాని అది ఆవిడే, అనుమానం లేదు," అన్నారు.

మంగతాయారు మెయిన్ రోడ్డులో కొట్టుకొట్టూ తిరిగి, గుమాస్తాల చేత తాన్లు తాన్లు తీయించి, "ఇది కాదు నాయనా, ఇంకా లేత. చిలక పిల్లగా ఉన్నప్పటి రంగు," అని వాళ్ళని ఏడిపించి, చివరికి ఒక నూలు చీర తెచ్చింది. మర్నాడు పొద్దున్న పదింటికి, ఎండ సరిగ్గా కిటికీలోకి దిగే వేళకి, సున్నపు గదిలో పీట మీద కూర్చుంది. కొంగు భుజం మీదకి సర్దుకుంది. కృపానందం గారు పలక అంటించి, మీట మీద చెయ్యి పెట్టారు. వారిజ తెర దగ్గర నిలబడింది.

ఎండ వచ్చి చీర మీద పడింది. పడి, గోడ మీదకి ఎగిరింది.

వారిజ తెర చూడటం మరిచిపోయింది. తెల్లటి సున్నం మీద చిలకపచ్చ విచ్చుకుంటోంది. బొమ్మ కాదు, లెక్క కాదు, గదిలో తన కళ్ళముందు. ఆవిడ చేసిన వేల గదుల్లో ఇంత నిజమైన వెలుగు ఎన్నడూ రాలేదు. ఆ రంగు కిందుగా మంగతాయారు మెడ, చెంప, ముడతలు పడ్డ చేతులు పచ్చగా వెలుగుతున్నాయి. వారిజ లోపల ఏదో మేలుకుంది. జ్ఞాపకం కాదు, అంతకంటే పాతది. నోట్లో నూలు రుచి. కడుపులో వెచ్చదనం. ఇక్కడ భయం లేదు, ఇక్కడ పడుకోవచ్చు అని ఒళ్ళంతా చెప్పింది. అది ఎవరి ఒడో ఒంటికి తెలియదు. అప్పుడూ తెలియలేదు.

ఇప్పుడు మీట నొక్కితే అమ్మ రంగు వస్తుంది. ఇప్పుడు వద్దనుకుంటే పిన్నిని మళ్ళీ ఈ పీట మీద కూర్చోమని అడగలేదు, ఆ రంగు ఇక ఎప్పటికీ రాదు. ఎప్పటికీ రాదన్న మాటకి వారిజ గుండె చెరువైంది.

ఆవిడ వెళ్ళి పీట పక్కన నేల మీద కూర్చుని, పిన్ని ఒళ్ళో తల పెట్టుకుంది.

"ఓసి పిచ్చిమొహమా, అడ్డొస్తే ఎలాగే? లెక్క చెడిపోదూ?" అంది మంగతాయారు కంగారుగా, కదలకూడదని రెండు చేతులూ గాల్లోనే ఆపి.

"చెడిపోనీ."

"మరి అక్కో?"

కొత్త చీర గంజి వాసన వేస్తోంది. కొంగు అంచు చెంపకి గరుగ్గా తగులుతోంది. గాల్లో ఆగిన చేతుల్లో ఒకటి కాసేపటికి కిందికి దిగి వారిజ తల మీద పడింది. కృపానందం గారు మీట మీంచి చెయ్యి తీసేశారు.